బెజవాడ కొండల ప్రహేళిక

గ్రామలెక్కలలో కొండకు విలువ లేదు. మాగాణికి ఒక పద్దు, మెట్టకు ఒక పద్దు, చెరువునకు, దారికి, శ్మశానమునకు వేరువేరు పద్దులు కలవు. కొండ వచ్చినప్పుడు మాత్రము ‘కొండ పోరంబోకు’ అని వ్రాసి, విస్తీర్ణము చూపి, శిస్తు గడిలో ఒక గీత గీచి ముందునకు సాగుదుము. ముప్పది సంవత్సరములుగా అట్టి గీతలు గీయుచున్న నాకు, మన డెల్టాకు తలాపున నున్న బెజవాడ కొండలను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని రజతోత్సవ సంఘమువారు ఆజ్ఞాపించుట ఒక విధముగా ఆ లెక్కను సరిచేయు అవకాశమే యని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

దీనికి మరియొక కారణము గూడ కలదు. ఉత్సవములలో యువకులకు ఏదేని క్రొత్త ఆట నొకదానిని ఏర్పాటు చేయవలెనని సంఘమువారు కోరిరి. విదేశములలో ‘జియోకాషింగ్’ అను ఒక క్రీడ ప్రచారములో నున్నది. 2000వ సంవత్సరము మే నెల మొదటి తేదీ అర్ధరాత్రి వరకు అమెరికా ప్రభుత్వము తన ఉపగ్రహ సంకేతములలో ఉద్దేశపూర్వకముగా కొంత తప్పు కలిపి, సామాన్యులకు స్థానము ఖచ్చితముగా తెలియకుండ చేయుచుండెను. ఆ తప్పును తొలగించిన వెంటనే, మే 3వ తేదీన, ఆరిగాన్ రాష్ట్రమునందు ఒకడు అడవిలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను మాత్రము లోకమునకు వెల్లడించెను. కొలది దినములలోనే దానిని కనుగొనిరి. దొరకినవాడు అందున్న చిన్న పుస్తకములో తన పేరు వ్రాసి, దానిని మరల అచ్చటనే ఉంచి పోవలెను. ఇదియే ఆ క్రీడకు నియమము. అందులో ఒక భేదమున స్థలమును నేరుగా చెప్పరు. ఆ ప్రాంతపు చరిత్రనుండియో, గణితమునుండియో ఒక ప్రహేళికను కూర్చి, దానిని విప్పినవానికే చోటు తెలియునట్లు చేయుదురు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున ప్రారంభమైన భూముల రీసర్వేలో గొలుసునకు బదులు ఉపగ్రహముల సాయముననే సరిహద్దు రాళ్ళ స్థానమును నిర్ణయించిరి. పొలము గట్టును చూపు ఉపగ్రహమే కొండ గుహనుగూడ చూపును. అయితే ఉపగ్రహము చోటు చెప్పునే గాని, ఆ చోట ఏమి జరిగినదో చెప్పజాలదు. అది చెప్పవలసినది గ్రంథములును, శాసనములును, వాటిని చదువగల మనుష్యుడును.

అంకెలను మాటలలో దాచు విద్య మన పెద్దలకు క్రొత్తది కాదు. శాసనములు చెక్కించినవారు శక సంవత్సరమును తరచుగా భూతసంఖ్యలలో చెప్పిరి. చంద్రుడన్న 1, నేత్రములన్న 2, అగ్నులన్న 3, వేదములన్న 4, బాణములన్న 5, ఋతువులన్న 6, ఋషులన్న 7, వసువులన్న 8, ఆకాశమన్న సున్న. ఆ మాటలను వరుసగా చదివి, అంకెలను మాత్రము కుడినుండి ఎడమకు వేయవలెను. అంకెలకు ఎడమవైపు నడక యని పెద్దలు చెప్పిన నియమము ఇదియే. ఈ మార్గమున నాలుగు ముడులుగల ప్రహేళిక నొకదానిని బెజవాడ కొండల చరిత్రనుండి కూర్చితిని. ఒక్కొక్క ముడికి ఒక్కొక్క అంకె. నాలుగంకెలతో తెరచుకొను తాళముగల పెట్టె యొకటి సిద్ధము చేయబడెను. ఉత్సవములు ముగిసి తాళము తెరువబడినది గనుక జవాబులను దాచవలసిన పని లేదు.

ముందుగా ఆ కొండల స్వరూపమును చెప్పవలెను. తూర్పు కనుమలనుండి విడివడిన ఈ చిన్న పంక్తి నందిగామ వైపునుండి బెజవాడవరకు సుమారు 24 కిలోమీటర్లు సాగును. దీనినే కొండపల్లి కొండలందురు. బెజవాడలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురపు కొండ, గుణదల కొండ మొదలైనవి దీని శకలములవలె నిలిచియున్నవి. కృష్ణానది ఇంద్రకీలాద్రికిని, దక్షిణపుటొడ్డున నున్న సీతానగరపు కొండకును నడుమ దారి చేసికొని సాగి, అచ్చటినుండి సముద్రమువరకు కొండ యనునది యెరుగదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగిన పిదప ఉత్తరపు కొండలు ఎన్.టి.ఆర్. జిల్లాలోను, దక్షిణపు కొండలు గుంటూరు జిల్లాలోను చేరినవి. లెక్కలు వేరైనను రాయి యొక్కటే.

మొదటి ముడి చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు వ్రాసిన వృత్తాంతమునుండి గ్రహింపబడినది. 7వ శతాబ్దిలో ధాన్యకటక దేశమునకు వచ్చిన ఆయన, రాజధానికి దక్షిణమున నున్న ఒక గొప్ప కొండను గూర్చి ఒక కథ చెప్పెను. భావవివేకుడను బౌద్ధాచార్యుడు, మైత్రేయబుద్ధుడు వచ్చువరకు దేహముతో నిలిచియుండగోరి, ఆ కొండలోని అసురుని మందిరమునకు పోవ నిశ్చయించెను. మంత్రించిన ఆవగింజలతో రాతిని కొట్టగా కొండ తెరచుకొనెను. అక్కడ చేరిన జనము అది విషసర్పముల బిలమని భయపడి వెనుకకు తగ్గిరి. ఆచార్యుని వెంట లోపలికి పోయినవారు ఆరుగురు మాత్రమే. తరువాత రాయి మూసికొనెను. ప్రజ్ఞాప్రదీపమను తర్కగ్రంథమును రచించిన పండితుని గూర్చిన ఈ కథలో సత్యమెంత యన్న ప్రశ్న నటుండనిండు. జనసమూహములో ఆరుగురే ధైర్యము చేసిరన్న మాట నేటికిని సరిపోవును. కావున మొదటి ముడికి జవాబు 6, భూతసంఖ్యలో ‘ఋతువులు’.

ఈ యాత్రికుని గ్రంథముననే విప్పరాని ముడి యింకొకటి కలదు. రాజధానికి తూర్పు కొండపై పూర్వశైల విహారము, పడమటి కొండపై అవరశైల విహారము ఉండెనని ఆయన వ్రాసెను. ఆ రాజధాని బెజవాడయే యని ఫెర్గూసన్, రాబర్టు స్యూయెల్ మొదలగువారు వాదించిరి. అమరావతీ ధరణికోటలే యని మరికొందరు త్రోసివేసిరి. పందెములో ఈ ప్రశ్నను గూడ ఉంచితిని గాని దానికి అంకె ఇయ్యలేదు. ‘తేలలేదు’ అని వ్రాసినవారికే మార్కు. భూమి వివాదములో నున్నప్పుడు ఎవరో ఒకరి పేరు వ్రాసి లెక్క మూయుట గ్రామోద్యోగికి తగని పని. చరిత్రకారునికి అంతకంటె తగని పని. తెలియనిదానిని తెలియదని వ్రాయుట గూడ ఒక జ్ఞానమేనని మన బాలురు ఎరుగవలెను.

రెండవ ముడి నదికి దక్షిణమున నున్న ఉండవల్లి గుహ. కొండ ముఖమును పైనుండి క్రిందికి తొలిచి, స్తంభములను, మండపములను, ద్వారములను రాతిలోనే నిలిపిరి. లోపల శేషతల్పముపై అనంతపద్మనాభుడు ఒకే శిలలో శయనించియున్నాడు. దీనిని విష్ణుకుండినుల కాలపుదని పెక్కుమంది చెప్పుదురు. తరువాతి కాలపుదని చెప్పువారును కలరు. ఇటుక చేర్చి కట్టిన మేడలో తప్పు జరిగినచో ఇటుకను తీసివేయవచ్చును. రాతిని తొలిచి చేసిన మేడలో ఉలి ఒక్కసారి జారినచో దిద్దుబాటు లేదు. అట్టి పనిలో ఆ శిల్పులు నిలిపిన అంతస్తులు నాలుగు. జవాబు 4, అనగా ‘వేదములు’.

మూడవ ముడి ఇంద్రకీలాద్రి పాదమున నున్న అక్కన్న మాదన్న గుహలు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానాషా కడ మంత్రులుగా నుండి, 1686లో హత్యకు గురియైన ఆ అన్నదమ్ములను తెలియని తెలుగువాడు లేడు. వారు బెజవాడ వచ్చినప్పుడు ఈ గుహలలో కచేరి చేసిరని జనశ్రుతి. గుహలు మాత్రము వారికి సుమారు వెయ్యేండ్లకు పూర్వము తొలిచినవి. ఇందొక పాఠము కలదు. పేరునుబట్టి వయస్సును కట్టరాదు. రాయి ఒక కాలమునకు చెందియుండును, పేరు మరియొక కాలమున వచ్చి చేరును. నది కెదురుగా నిలిచిన ఓర్ కొండ నేడు గాంధీ కొండయైనది. ఓర్ కృష్ణ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు. ఆ కొండపై 52 అడుగుల గాంధీ స్మారక స్తూపమును 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించెను. ఓర్ దొరను మరువనక్కరలేదు, గాంధీ మహాత్ముని పేరును తీసివేయనక్కరలేదు. రెండు పేర్లను తేదీలతో వ్రాసియుంచినచో చాలును. ఈ ముడిలో అడిగినది గుహకు పేరు నిచ్చిన మంత్రులెందరని మాత్రమే. జవాబు 2, అనగా ‘నేత్రములు’.

నాలుగవ ముడికి పోకముందు ఇంద్రకీలాద్రిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అర్జునుడు పాశుపతము కొరకు తపస్సు చేసిన కొండ ఇదియే యని మన ప్రాంతీయుల విశ్వాసము. భారవి పదునెనిమిది సర్గల కిరాతార్జునీయమున వర్ణించిన ఇంద్రకీలము హిమాలయ ప్రాంతముదని పండితులు అందురు. అయినను కిరాతార్జునుల కథను చెక్కిన ప్రాచీన శిలాస్తంభ మొకటి ఈ కొండపైననే లభించినది. విశ్వాసము నిన్న మొన్న పుట్టినది కాదని, వెయ్యేండ్లనాడే రాతికెక్కినదని దానివలన తెలియుచున్నది. పురాణముగా నమ్మువానికిని, చరిత్రగా పరిశీలించువానికిని ఆ స్తంభము సమానముగా విలువైనదే.

అంతకంటెను తెలుగువారికి పూజనీయమైనది యుద్ధమల్లుని బెజవాడ శాసనము. తూర్పు చాళుక్యవంశమున రెండవ యుద్ధమల్లుడు 10వ శతాబ్ది పూర్వార్ధమున చెక్కించిన ఈ శాసనము మధ్యాక్కర ఛందస్సులో నున్నది. నన్నయభట్టు భారతమును ప్రారంభించుటకు నూరేండ్లు ముందుగానే మన భాషలో ఛందోబద్ధమైన పద్యము బెజవాడ రాతిపై వెలసినది. జయంతి రామయ్య పంతులుగారు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. కుమారస్వామి గుడిని, మఠమును గూర్చిన ఈ శాసనమున ఆ స్థలము గొరగలకు, అనగా శివభక్తులకు, మాత్రమేయనియు, ఇతరులు అందు విడియరాదనియు కట్టడి కలదు. లెక్కలు వ్రాయువాడను గనుక నా కంటికి అది మొట్టమొదట ఆక్రమణను నిషేధించు ఉత్తరువుగా కనబడినది. దేవుని చోటును ఆక్రమింపరాదని చెప్పుటకు ఆ కాలపువారు పద్యము వ్రాసిరి.

నాలుగవ ముడి కొండపల్లి దుర్గము. 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలమున వెలసిన ఈ కోటను గజపతులు, బహమనీలు ఏలిరి. 1515లో కొండవీడును జయించిన పిమ్మట కృష్ణదేవరాయలు దీనిని ముట్టడించి గైకొనెను. ఆ తరువాత కుతుబ్‌షాహీల చేతికిని, వారి పతనముతో మొగలుల చేతికిని పోయి, 1766లో ఇంగ్లీషువారి వశమైనది. ఇందరు రాజులు ఏలిన చోట పాతరలు ఉండకపోవునా యని ఆశపడువారు అన్ని కాలములందును కలరు. అందుచేత ప్రశ్నను ఇట్లు వ్రాసితిని: “కొండపల్లి కోటలో నిధి యెంత?”

జట్లలో కొన్ని కోట చరిత్రనంతయు తిరుగవేసెను. ఒకరు ఏనుగుల లెక్క వ్రాసిరి, ఒకరు వరహాల లెక్క వ్రాసిరి. కాని శాసనభాషలో ‘నిధి’ యను మాటయే ఒక అంకె. కుబేరుని నిధులు తొమ్మిది గనుక నిధి యన్న 9. దానిని పొందుటకు పలుగు అక్కరలేదు, పార అక్కరలేదు, నిఘంటువు చాలును.

ఇట్లు ఋతువులు, వేదములు, నేత్రములు, నిధి అను నాలుగు మాటలు దొరకినవి. మన ఉన్నత పాఠశాల విద్యార్థుల జట్టొకటి అందరికంటె ముందుగా వచ్చి 6429 అని త్రిప్పగా తాళము కదలలేదు. వారిలో ఒక బాలిక ఎడమవైపు నడకను జ్ఞప్తికి తెచ్చుకొని 9246 అని త్రిప్పెను. పెట్టె తెరచుకొనెను.

ఆ పెట్టెను కొండపై దాచక గ్రంథాలయములోనే ఏల ఉంచితిరని కొందరు మిత్రులు ప్రశ్నించిరి. ఈ వ్యాసమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. ఉండవల్లి, మొగల్రాజపురము, అక్కన్న మాదన్న గుహలు కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి. 1958 నాటి చట్టమును 2010లో సవరించిన పిదప రక్షిత కట్టడముచుట్టు 100 మీటర్లలో క్రొత్త కట్టడము నిషిద్ధము. ఆపైన మరి 200 మీటర్లలో అనుమతి లేనిదే కట్టరాదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినను దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. చట్టమట్లుండగా, గుప్తనిధుల పేర అర్ధరాత్రి పూజలు చేసి, గుడి గర్భములను, నంది విగ్రహములను పగులగొట్టు మూఢులు తెలుగునాట నేటికిని తగ్గలేదు. మన బాలురకు ఆటగానైనను కొండ త్రవ్విన నిధి దొరకునని నేర్పరాదు.

త్రవ్వినచో ఏమగునో తెలిసికొనుటకు ఇదే నది వెంబడి ఎగువకు పోయి అమరావతిని చూడవలెను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట క్రొత్త పట్టణమును కట్టించునపుడు, దీపాలదిన్నె యను మట్టిదిబ్బను త్రవ్వి ఇటుకలను, రాళ్ళను కట్టడములకు తరలించిరి. అది మహాస్తూపమని అప్పటివారు ఎరుగరు. 1798లో కర్నలు మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించునాటికి ఎంతో నశించియుండెను. మిగిలిన శిల్పములలో కొన్ని మద్రాసునకు, నూటికి పైబడినవి లండనునకు పోయినవి. నాయుడుగారు దాత, దైవభక్తుడు. ఆయనను నిందించుట న్యాయము కాదు. చదువగలవారు చేరకమునుపే పార చేరుటవలన వచ్చిన నష్టమది.

రాతిని తీయుట యెల్లప్పుడు పాపమని నా వాదము కాదు. 1852లో ప్రారంభించి 1855లో ముగించిన కృష్ణ ఆనకట్టకు ఈ రెండొడ్ల కొండలే రాతినిచ్చినవి. 1952లో దానికి గండిపడగా, 1954లో పని మొదలిడి 1957లో 70 తలుపుల ప్రకాశం బ్యారేజిని పూర్తిచేసిరి. మన గ్రామపు కాలువలో పారు నీరు ఆ రెండు కొండల నడుమనే తిరుగుచున్నది. అనగా మన గాదెలోని ప్రతి గింజకును ఇంద్రకీలాద్రి, సీతానగరపు కొండలు ఒకప్పుడు తమ దేహమును కోసి ఇచ్చినవి. కొండపల్లి అడవి తెల్లపొణికి కర్ర నిచ్చి బొమ్మల వారిని పోషించినది. ఇన్ని ఇచ్చినదానికి మన లెక్కలో శిస్తు గడిలో గీత! పన్ను లేని భూమికి ఋణము లేదనుకొనుట పొరపాటు. డెల్టా రైతు కొండకు ఋణపడియున్నాడు. ఆ ఋణమును తీర్చుటకు మనము చేయదగినది అచ్చటి రాతను చెరుగకుండ కాపాడుటయే.

పెట్టెలో బంగారము లేదు. అందున్నది నూరు పుటల ఖాళీ పుస్తకము. తెరచినవారు పేర్లు వ్రాయవలెను. పేరుతోబాటు తమ ఊరిలో, తమ పొలములో, తమ గుడిలో నున్న ఒక పాత రాతిని గూర్చియో, ఒక కట్టను గూర్చియో, మారిపోయిన ఒక పేరును గూర్చియో తాము చూచినది, పెద్దలవలన విన్నది వ్రాయవలెను. విన్నదానిని విన్నదిగాను, చూచినదానిని చూచినదిగాను వేరుపరచి వ్రాయవలెను. తేలనిదానిని తేలలేదనియే వ్రాయవలెను.

ఇది నూతన కల్పన కాదు. మెకంజీదొర కొలువులో కావలి సోదరులు మొదలగువారు ఊరూరు తిరిగి, కరణముల కవిలెలనుండి కైఫియతులను వ్రాసికొనిరి. ఆ కవిలెలు పెక్కు నేడు లేవు. ఆ కరణీకమును 1984లో రద్దయినది. కవిలెలు చెదలు తిన్నను కైఫియతులు నిలిచినవి, ఎవరో అడిగి వ్రాసికొనిరి గనుక. ఇప్పుడు అడుగవలసినవారు మద్రాసునుండి రారు. మన గ్రంథాలయమే అడుగవలెను.

1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారు ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ అచ్చటనే జరిగినది. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పుస్తకములు పడవనెక్కి కాలువల వెంట పల్లెలకు వచ్చినవి. ఆ కాలువనీరువలెనే ఆ విద్యయు బెజవాడ కొండలనుండి మనకు దిగివచ్చినది. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము దానిని త్రాగి పెరిగినది. ఇక మనము కొంత వెనుకకు ఈయవలసిన కాలము.

ఆ పుస్తకములో ఇప్పటికి పదునొకండు పుటలు నిండినవి. తొమ్మిదవ పుటలో తాళము తెరచిన బాలిక, తమ దొడ్డిలో బట్టలుతుకు బండకు అడుగున అక్షరములవంటివి కలవనియు, తిరుగవేసి చూడవలసియున్నదనియు వ్రాసినది. వచ్చే ఆదివారము నలుగురు మనుష్యులు కావలెను. చదువరులలో బలము గలవారు రావలసినదిగా ప్రార్థన. పలుగులు తేవలదు, మోకులు చాలును.